అరల్లో, డ్రాల్లో షీటు జారకుండా పరుచుకోవడం ఎలా

కందిపప్పు డబ్బా ముందుకు లాగుతాం. దాని కింద షీటు కూడా వెంట వచ్చేస్తుంది. వెనకాల నిలబడి ఉన్న నూనె సీసా పక్కకి వాలిపోతుంది. డబ్బా మళ్ళీ లోపలికి తోస్తే షీటు మడతపడి, ఆ మడతలో కారప్పొడి, ఆవాలు, చీమలు. వంటిల్లు ఉన్న ప్రతివాళ్ళకీ ఇది తెలిసిన బాధే. చాలామంది దీనికి వేసుకునే మందు ఒక్కటే, ఇంకాస్త గట్టి జిగురు. నేనూ ముందు అదే చేశాను. కానీ షీటు నిలిచేది జిగురుతో కాదు. అర పొడిగా ఉండాలి, కొలత సరిగ్గా ఉండాలి, ఆ చోటికి తగిన రకం షీటు వేయాలి. ఈ మూడూ కుదిరితే టేపు నాలుగు ముక్కలు చాలు, కొన్నిచోట్ల అదీ అక్కర్లేదు.

మా ఇల్లు కావలిలో. వంటింట్లో అరలన్నీ కడప బండలే. గట్టు కింద మాత్రం తర్వాత చేయించిన ప్లైవుడ్ డ్రాలు ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట దసరా ముందు, వెనక జిగురుండే పూల స్టిక్కరు షీటు తెచ్చి అరలన్నిటికీ అంటించాను. చూడ్డానికి బాగుంది. అక్టోబరు ఆఖర్లో ముసురు పట్టింది. పది రోజుల్లో షీటు అక్కడక్కడా బొబ్బల్లా లేచింది. ఒక బొబ్బ మీద అంచు పడి ఆవకాయ జాడీ ఒరిగింది. పైన వాసెన కట్టి ఉంది కాబట్టి సరిపోయింది. షీటు పీకి చూస్తే కింద బండంతా తడి, ఆ తడి మీద తెల్లటి బూజు. జిగురు మాత్రం బండకే ఉండిపోయింది, అది గీకడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక్కో అర మీద ఒక్కో రకంగా చేసి చూస్తూ నేర్చుకున్నదే కింద రాస్తున్నాను.

ఎప్పుడు పరవాలి

దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ మన వైపు ఇదే ముఖ్యం. నెల్లూరు, ఒంగోలు తీరానికి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో గాలిలో తేమ విపరీతం. బండ చల్లగా ఉంటుంది, తేమ గాలి తగిలి దాని మీద సన్నటి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ మీద షీటు పరిస్తే దాన్ని లోపల పెట్టి మూత వేసినట్టే. ఇక మే నెల. రోహిణి కార్తె ఎండకి టేపు జిగురు మెత్తబడి పక్కలకి కారుతుంది. అప్పుడు అంటించింది నిలవదు.

సంక్రాంతికి ఎటూ బూజు దులిపి డబ్బాలన్నీ తోముతాం. పండగ దాటాక శివరాత్రి లోపల ఒక ఆదివారం పెట్టుకోండి. అప్పటికి అరలు బాగా ఆరి ఉంటాయి, ఎండ కూడా ఇంకా ముదరదు. మధ్యలో చేయక తప్పకపోతే, తుడిచిన అర మీదికి ఒక రాత్రంతా ఫ్యాను గాలి తగలనిచ్చి మర్నాడు పరవండి.

ముందు అర శుభ్రం చేయాలి

పాత షీటు తీసేయండి. స్టిక్కరు జిగురు మిగిలి ఉంటే ముందు దాని సంగతి చూడాలి. సన్‌మైకా మీదైతే కాస్త కొబ్బరినూనె రాసి అరగంట వదిలేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే ఊడొస్తుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఆ నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా తుడవాలి. కడప బండ మీద నూనె వద్దు, అది నూనె పీల్చుకుంటుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచి గీకండి. కొంచెం ఓపిక కావాలి.

బండ నల్లగా నిగనిగలాడాలని నూనె రాసే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. మా అత్తమ్మ పండగ పండక్కీ రాసేది. చూడ్డానికి అందమే, కాదనను. కానీ నూనె రాసిన బండ మీద ఏ టేపూ నిలవదు, ఏ షీటూ పట్టు దొరక్క జారుతుంది. షీటు వేయదలిస్తే నూనె మానేయండి. ఇదివరకే రాసి ఉంటే వేడినీళ్ళలో వంటసోడా, లిక్విడ్ కలిపి రెండుసార్లు కడగండి. బొటనవేలితో బండ మీద గట్టిగా రుద్ది చూడండి. వేలు జారకుండా పట్టుకుంటే బండ సిద్ధం.

తుడిచాక టేపు పడే చోట్ల స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిస్తే మంచిది. ఇంజెక్షన్ ముందు తుడిచే స్పిరిట్టే, మందుల షాపులో దొరుకుతుంది. ఆ పని చేసేటప్పుడు గ్యాస్ కట్టేసి, కిటికీ తీసి పెట్టుకోండి.

ఏ చోటికి ఏ షీటు

బజారులో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు. ఒకటి జాలీ మ్యాట్. చిన్న చిన్న రంధ్రాలతో, మెత్తగా, రబ్బరులా ఉంటుంది. జారకుండా ఉండడంలో దీన్ని మించింది లేదు. డ్రాలకి ఇదే వేయండి. కానీ అరకి పనికిరాదు. డబ్బా జరిపితే ముడుచుకుపోతుంది, రంధ్రాల్లోంచి పిండి, రవ్వ కిందికి రాలి అక్కడే ఉండిపోతాయి.

రెండోది ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ షీటు. పారదర్శకంగా, గీతలో చుక్కలో ఉబ్బెత్తుగా ఉండే చుట్ట. దీని వెడల్పు మామూలుగా 45 సెంటీమీటర్లు. గట్టు కింద అర 18 అంగుళాల లోతు ఉంటే, అది 45.7 సెంటీమీటర్లు. కాబట్టి వెడల్పు కోయకుండానే చక్కగా సరిపోతుంది, పొడవు ఒక్కటి కోస్తే చాలు. బండ అరలకి నేను వాడేది ఇదే. జిగురు లేదు, కడగొచ్చు, కింద తడి చేరితే పైనుంచే కనిపిస్తుంది.

మూడోది రెగ్జిన్ షాపుల్లో మీటరు లెక్కన కోసిచ్చే ప్లాస్టిక్ షీటు. మందంగా ఉండి బరువుకి తనంతట తనే నిలుస్తుంది. బియ్యం డబ్బా, ఊరగాయ జాడీలు పెట్టే కింది అరకి బాగుంటుంది. అయితే పాలిష్ చేసిన చెక్క మీద వేయొద్దు. ఈ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం ఎండాకాలం వేడికి పాలిష్‌లోకి దిగి, షీటూ చెక్కా అతుక్కుపోతాయి. మా వదిన వాళ్ళింట్లో టేకు అలమర అలాగే పాడైంది. పీకితే షీటుతోపాటు పాలిష్ పొర కూడా ఊడొచ్చింది.

నాలుగోది వెనక జిగురుండే స్టిక్కరు. బండకి వద్దే వద్దు. సన్‌మైకా మీద, అదీ సింకుకి దూరంగా ఉన్న అరల్లో అయితే నిలుస్తుంది.

ఇక పాత పేపరు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. చెమ్మ పీలుస్తుంది, ఖర్చు లేదు, నెలకోసారి మార్చేయొచ్చు. మా అమ్మ పేపరు ముందు అంచు అంగుళం కిందికి వదిలి, దాన్ని మడతలు పెట్టి కత్తెరతో తోరణంలా కత్తిరించేది. అది అందం కోసమే అనుకునేదాన్ని. బండ అంచు మీదుగా కిందికి మడిచిన ఆ అంగుళమే పేపరుని వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుందని చాలా తర్వాత తెలిసింది. కానీ ప్లేట్లు, గ్లాసులు బోర్లించే అరలో పేపరు వద్దు. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదు. వార్తాపత్రికల్లో ఆహారం చుట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే చెప్పింది. మూత గట్టిగా ఉండే డబ్బాల కింద ఉంటే ఇబ్బంది లేదు. మైదా ఉడికించిన బంకతో మాత్రం అంటించకండి, బొద్దింకలకి అది భోజనం.

కొలత

తొందరపడకూడని చోటు ఇదే. సగం షీట్లు జారేది కొలత తప్పడం వల్లే. పొట్టిగా ఉంటే కదలడానికి చోటుంటుంది, కదులుతుంది. పొడుగ్గా ఉంటే గోడకి తగిలి వంగుతుంది, మధ్యలో లేస్తుంది.

అర ముందు వెడల్పు, మధ్య వెడల్పు, వెనక వెడల్పు మూడూ విడివిడిగా కొలవండి. ఒకేలా ఉంటాయనుకోవద్దు. సిమెంటు పూతలో గోడలు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఉంటాయి. మా పోపు సామాన్ల అర ముందు 74 సెంటీమీటర్లు, వెనక 72న్నర. ముందు కొలతకి తిన్నగా కోస్తే వెనక రెండు మూలలూ గోడకి ఎక్కి నిలబడ్డాయి. ఆ మూలల మీద డబ్బా పెట్టి అణిచితే మధ్యలో ఉబ్బింది. ఒకటిన్నర సెంటీమీటరే కదా అనిపిస్తుంది, షీటు లేవడానికి అంతే చాలు.

అందుకని టేపు కొలతని నమ్ముకోకుండా పేపరుతో నమూనా తీసుకోండి. అరకన్నా పెద్ద పేపరు తీసుకోండి, చాలకపోతే రెండు అతికించండి. దాన్ని అరలో పరిచి వెనక గోడకి ఆనించండి. పేపరు గోడ మీదికి ఎక్కిన చోట, గోడా బండా కలిసే గీత వెంట బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కుతూ ఒక చివర నుంచి రెండో చివరకి రండి. గోరు గీసిన మడత స్పష్టంగా పడుతుంది. పక్క గోడలకీ అలాగే చేయండి. ముందు అంచు దగ్గర బండ చివర్ని తడుముతూ పెన్సిల్‌తో గీయండి. మూలల్లో సిమెంటు గుండ్రంగా ఉంటే ఆ గుండ్రం కూడా గోరుతో తీయండి, అదే అసలైన చోటు. పేపరు బయటికి తీసి మడత గీతల వెంట కత్తిరించి, మళ్ళీ అరలో పరిచి చూడండి. ఎక్కడా ఎక్కకుండా, ఎక్కడా ఖాళీ కనపడకుండా పడుకుంటే నమూనా కుదిరినట్టు. దాని మీద ఏ అరదో రాసి దాచుకోండి, వచ్చే ఏడాది పని తేలిక.

ఇప్పుడు షీటుని తిరగేసి, నమూనాని కూడా తిరగేసి దాని మీద పెట్టండి. రెంటిలో ఒక్కటే తిరగేస్తే ఎడమ కుడి మారిపోతాయి. బాల్ పెన్నుతో గీసి, గీతకి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా కోయండి. వేడికి ప్లాస్టిక్ కాస్త సాగుతుంది, ఆ కాస్త జాగా దానికి కావాలి. జాలీ మ్యాట్‌కి మాత్రం ఆ జాగా వదలకండి, గీత మీదే కోయండి.

చుట్టగా వచ్చిన షీటు అంచులు పైకి లేస్తూనే ఉంటాయి. దాన్ని అలాగే పరిచి టేపుతో అణచాలని చూడొద్దు. వ్యతిరేక దిక్కుకి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఒక రాత్రి ఉంచండి. లేదంటే ఉదయం ఎండలో పది నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక పరుపు కింద పెట్టేయండి. మధ్యాహ్నపు ఎండలో మాత్రం వద్దు, మెలికలు తిరుగుతుంది.

అరలో పరవడం

వెనక నుంచి ముందుకు రండి. వెనక అంచు గోడకి ఆనించి, అరచేత్తో మధ్య నుంచి పక్కలకి తుడుస్తూ గాలి బయటికి పంపండి. టేపు అవసరమైతే ముందు అంచుకే వేయండి. డబ్బాలు మనం లాగేది ముందుకే కాబట్టి బలం పడేది అక్కడే. రెండు మూలల్లో, మధ్యలో రెండుచోట్ల, రెండేసి అంగుళాల డబుల్ టేపు ముక్కలు చాలు. చుట్టూ వేస్తే కింద చేరిన చెమ్మ బయటికి వెళ్ళే దారి లేదు, ఏడాది తర్వాత తీయడమూ కష్టం.

టేపు జిగురు మిగలకుండా ఒక చిన్న ఉపాయం ఉంది. పెయింటు వేసేవాళ్ళు అంచులకి వేసే పేపరు టేపు తెచ్చి ముందు అర మీద అంటించండి. దాని మీద డబుల్ టేపు, దాని మీద షీటు. తీసేటప్పుడు పేపరు టేపు కొన పట్టి లాగితే అంతా కలిసి వచ్చేస్తుంది. అయితే పేపరు టేపు నెలల తరబడి ఉంటే అదీ అతుక్కుపోతుంది. ఆర్నెల్లకోసారి మార్చండి.

గరుకు బండ మీద టేపు అసలు పట్టకపోతే బెంగ వద్దు. షీటు ముందు అంచు ఒక అంగుళం అదనంగా ఉంచుకుని, అమ్మ పేపరుకి చేసినట్టే బండ అంచు మీదుగా కిందికి మడవండి. మడతపడే చోట ముందుగా స్కేలు పెట్టి, చెంచా కాడతో ఒక గీత గట్టిగా గీస్తే నీటుగా వంగుతుంది. ఈ మడత షీటు వెనక్కి జారకుండా ఆపుతుంది. ముందుకు రాకుండా ఉండడానికి వెనక వరసలో బరువు డబ్బాలు పెట్టండి, పప్పులు, చక్కెర, ఉప్పు. వాటిని దాదాపు కదపం కదా, అవే షీటుని తొక్కిపెట్టి ఉంచుతాయి. రోజూ లాగే పోపుల డబ్బా, టీ పొడి డబ్బా ముందు ఉండనివ్వండి. ఇంకో మాట, డబ్బాని లాగడం మానేసి ఎత్తి తీసే అలవాటు ఇంట్లో అందరికీ చెప్పండి. స్టీలు డబ్బా అడుగు అంచు కత్తిలా ఉంటుంది, ఎంత మంచి షీటునైనా ఆర్నెల్లలో కోసేస్తుంది.

డ్రాల సంగతి వేరు

అరలో షీటు డబ్బా లాగితేనే కదులుతుంది. డ్రాలో అయితే తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ కుదుపు తగులుతుంది. మూసేటప్పుడు డ్రా ఠక్కున ఆగుతుంది, లోపలున్న గరిటెలు, వాటి కింది షీటు వెనక్కి పోతాయి. ఒకరోజు డ్రా చివరి అరంగుళం మూసుకోదు. బలంగా తోస్తాం. అప్పటికే షీటు వెనక పలక మీదికి ఎక్కి, అవతల పడి, ట్రాకు దగ్గర ఇరుక్కుని ఉంటుంది. మీ డ్రా అలా అడ్డం తిరిగితే తోయకండి. పూర్తిగా బయటికి లాగి వెనక చెయ్యి పెట్టి చూడండి.

దీనికి జాలీ మ్యాట్ ఉత్తమం. కొలత మాత్రం ఖచ్చితంగా ఉండాలి, నాలుగు వైపులా పలకలకి ఆనాలి. పాత చెక్క డ్రా అయితే వెనక రెండు మూలల్లో బోర్డు పిన్నులు కొట్టొచ్చు, తల పూర్తిగా దిగేలా కొట్టండి, చెయ్యి గీరుకోకుండా. సన్‌మైకా ఉన్న ప్లైవుడ్‌కి పిన్ను దిగదు. అక్కడ వెనక అంచుకి రెండు టేపు ముక్కలు వేయండి. అరకి ముందు అంచున, డ్రాకి వెనక అంచున అని గుర్తుపెట్టుకుంటే చాలు.

జాలీ మ్యాట్ నెలల తరబడి వాడాక పట్టు తగ్గితే పారేయకండి. పట్టు పోయేది జిడ్డు, దుమ్ము వల్ల. గోరువెచ్చటి నీళ్ళలో లిక్విడ్ వేసి నానబెట్టి, పిండకుండా ఆరేస్తే మళ్ళీ కొత్తదానిలా పట్టుకుంటుంది. చేత్తో నలిపితే పొడి పొడిగా రాలుతుంటే మాత్రం మార్చేయాలి.

స్టీలు తీగల బాస్కెట్లలో ఏ మెత్తటి షీటూ నిలవదు, తీగల మధ్య కుంగుతుంది. గట్టి ప్లాస్టిక్ షీటు కొలతకి కోసి, మూలల్లో రంధ్రాలు పెట్టి, కరెంటు వైర్లకి కట్టే ప్లాస్టిక్ పట్టీలతో తీగకి బిగించేయండి. రంధ్రాలు అంచుకి అరంగుళం లోపలగా ఉండాలి, లేకపోతే చిరుగుతాయి.

సింకు కింద షీటు అంటించనే వద్దు. పైపు కారడం కనపడకుండా పోతుంది. అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టుకోండి. గ్యాస్ బండ కిందా అంతే, తుప్పు మరక పడకుండా స్టాండు చాలు. పొయ్యికి దగ్గరగా ఉన్న అరల్లో షీటు అంచు కిందికి వేలాడనివ్వకండి.

తర్వాత చూసుకోవలసినవి

వానాకాలం మొదలయ్యేటప్పుడు, అంటే దసరా ప్రాంతంలో, అరకొక మూల షీటు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా జిగటగా తగిలితే ముసురు తగ్గేదాకా ఆ షీటు తీసి పక్కన పెట్టేయడమే మేలు. వట్టి బండ మీద డబ్బాలుంటే ఏమీ కాదు. తుపాను రోజుల్లో నేను కింది రెండు అరలూ అలాగే వదిలేస్తాను. చెక్క అరలైతే చెదల కోసం కూడా చూడాలి. షీటు కింద చీకటి, చెమ్మ రెండూ వాటికి ఇష్టం. మట్టి గీతలా కనపడితే తుడిచేసి ఊరుకోకండి, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి.

చీమలకి ఎండిన వేపాకు షీటు కింద పెట్టేవాళ్ళున్నారు. నలిగి పొడి అయ్యి షీటు ఎత్తుగా పడుతుంది, జారడానికి అదే కారణమవుతుంది. వేపాకు వాడాలనుకుంటే చిన్న గుడ్డ మూటలో కట్టి అర మూలన పెట్టండి.

చింతపండు, బెల్లం, ఊరగాయ జాడీ ఉన్న చోట షీటు మీద ఒక పాత పళ్ళెం పెట్టి దాని మీద ఉంచండి. చేపల పులుసు పెట్టే ఇంట్లో చింతపండు డబ్బా రోజూ తెరుస్తాం, ఆ రసం ఒక్క చుక్క షీటు కిందికి దిగితే చీమల బారు తయారు.

ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నవాళ్ళకి ఇంకొక్క మాట. కడిగిన వెంటనే వాటిని జాలీ మ్యాట్ వేసిన డ్రాలో పడేయకండి. మ్యాట్ కింది చెమ్మ, గరిటె తడి కలిసి చెక్క నల్లబడుతుంది. గుడ్డతో తుడిచి, గాలికి ఒక పూట ఆరనిచ్చి, అప్పుడు లోపల పెట్టండి. ఆ డ్రాలో మ్యాట్ నెలకోసారి తీసి ఎండలో వేయండి.